దుకాణం కుంటుతున్నప్పుడు: లెక్క తప్పకుండా, మొక్కు మరవకుండా ఇల్లు నడిపే పద్ధతి

పొద్దున షట్టర్ లేపి, నీళ్లు చల్లి, గల్లా పెట్టెకు దండం పెట్టుకుని, అగరుబత్తి వెలిగించి కూర్చుంటారు. పన్నెండు దాటినా బోణీ కాదు. ఇట్లాంటి రోజులు నెలలో నాలుగైదు అయితే గిరాకీ మందం అనుకోవచ్చు. నాలుగైదు నెలలుగా ఇదే వరుస అయితే ఇంట్లో రెండు రకాల మార్పు మొదలవుతుంది. కొందరు దండం పెట్టడం మానేస్తారు. ఇంకొందరు దండాలు పెంచి ఖాతా పుస్తకం తెరవడం మానేస్తారు. చూసినంతలో రెండోదే ఎక్కువ ఇండ్లను ముంచుతుంది. "దేవుని మీద భారం వేసినం" అనే మాట వెనక చాలాసార్లు మూడు నెలలుగా ఎవరూ లెక్క చూడలేదన్న సంగతి దాగి ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శిలో కృతజ్ఞత కంటే ముందు కాగితం, పెన్ను వస్తాయి. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ వైపు కుటుంబమే నడుపుకునే చిన్న దుకాణాలు, చిన్న యూనిట్లు దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

మొదటి పని: ఒక్క రాత్రిలో మొత్తం లెక్క

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మూడు గంటలు పెట్టుకోండి. దుకాణంలో పనిచేసే, సంతకం పెట్టే వాళ్లందరూ కూర్చోవాలి. ఇంటి ఖర్చు చూసే మనిషి, అంటే సాధారణంగా అమ్మ లేదా భార్య, తప్పనిసరిగా ఉండాలి. వాళ్లు లేని లెక్క సగం లెక్కే.

ముందు పెట్టుకోవాల్సినవి: 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్దెర ఖాతా పుస్తకం, డీలర్ల బిల్లులు, ప్రామిసరీ నోట్లు, చిట్టీ పాస్‌బుక్కులు, బంగారం తాకట్టు రశీదులు, ఎవరెవరికి ఏ నంబరు చెక్కులు ఇచ్చారో ఆ జాబితా. ఈ చివరిది చాలామంది దగ్గర ఉండదు. చెక్‌బుక్‌లో మిగిలిన కౌంటర్‌ఫాయిళ్లు తిప్పి రాసుకోండి. ప్రైవేటు ఫైనాన్స్‌కు ఖాళీ చెక్కు సంతకం చేసి ఇచ్చి ఉంటే ఆ నంబరు ఎర్ర పెన్నుతో రాయండి, ఇక ముందు అట్లా ఇవ్వకండి.

ఒక్కో బాకీకి ఐదు గడులు చాలు: ఎవరికి, అసలు ఎంత, మిత్తి ఎంత, గడువు తేదీ, ఎదురుగా ఏం పెట్టాం. మిత్తిని తప్పకుండా ఏడాది లెక్కలోకి మార్చండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. గిరిగిరి ఫైనాన్స్ ఇంకా మోసం చేస్తుంది. చేతికి 9,000 ఇచ్చి రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటే "వెయ్యే కదా" అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాది లెక్కన అది 80 శాతం దగ్గర పడుతుంది.

చిట్టీని రెండు చోట్ల రాయాలి. పాట పాడుకోనిది ఆస్తి, పాడుకున్నది అప్పు. ఇబ్బందిలో ఉండి 5 లక్షల చిట్టీని 30 శాతం తగ్గించుకుని పాడితే చేతికి వచ్చేది మూడున్నర లక్షలు. మిగతా వాయిదాలు మాత్రం ఒక్కటీ తగ్గవు.

గల్లాలో పైసలు ఉన్నాయి. ఎవరివి?

ఒక చిన్న బట్టల దుకాణం అనుకుందాం. నెలకు అమ్మకం 2,40,000. సరుకు ఖరీదు పోను మిగిలేది నూటికి 22, అంటే 52,800. కిరాయి 14,000, ఇద్దరు పనివాళ్లకు 22,000, కరెంటు 3,500, బ్యాంకు కిస్తీ 18,500, మూడు లక్షల చేబదులుకు రెండు రూపాయల మిత్తి 6,000, ఇంటి ఖర్చు 20,000. మొత్తం 84,000. నెలకు 31,200 తక్కువ.

అయినా గల్లా ఎప్పుడూ ఖాళీగా కనిపించదు. ఎందుకంటే తక్కువ పడిన ఆ 31,200 డీలర్‌కు వెళ్లాల్సిన సరుకు పైసల్లోంచి పోతోంది. పోయిన దసరాకు నిండుగా ఉన్న అరలు ఈసారి పలచబడటం, డీలర్ బాకీ పెరగడం, రెండూ ఒకే జబ్బుకు గుర్తులు. ఈ దుకాణం ఖర్చులకు సరిపోవాలంటే 84,000ను 0.22తో భాగించాలి. దాదాపు 3,82,000 అమ్మాలి. ఒకటిన్నర రెట్లకు పైనే. అది ఈ సీజన్‌లో అయ్యే పనేనా కాదా అన్నది ఇంటివాళ్లు ఆ రాత్రే మాట్లాడుకోవాలి. కాదంటే అమ్మకం మీద కాకుండా ఖర్చు మీద, మిత్తి మీద చెయ్యి వెయ్యాలి.

మీ అంకెలు వేసి ఇదే లెక్క చేయండి. ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. కానీ అంకె తెలియని భయం కంటే అంకె తెలిసిన భయం నయం. తెలిసిన దాన్ని విడగొట్టి పంచుకోవచ్చు.

13 వారాల కాగితం

పెద్ద తెల్ల కాగితం మీద 13 నిలువు గడులు గీయండి, ఒక్కో వారానికి ఒకటి. ప్రతి గడిలో మొదట చేతిలో ఉన్నది, తర్వాత వచ్చేది, పోయేది, మిగిలేది. "వచ్చేది" దగ్గర ఆశను రాయకండి. పోయిన ఏడాది అదే వారం ఎంత వచ్చిందో చూసి దానికంటే తక్కువే రాయండి.

మన దగ్గర వారాలన్నీ ఒక్కతీరు ఉండవు. పత్తి దిగుబడి మొదలై రైతు చేతిలో పైసలు ఆడేది నవంబరు నుంచి. మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బారులు తీరేది ఫిబ్రవరి నుంచి. ఆషాఢంలో, మూఢాల్లో పెండ్లి గిరాకీ ఉండదు, శ్రావణంలో లేస్తుంది, బతుకమ్మ దసరాకు పెరుగుతుంది. ఈ గుర్తులు కాగితం పై వరుసలో ముందే రాసుకుంటే డీలర్‌తో "ఎప్పుడు ఇస్తావు" అనే మాట వచ్చినప్పుడు ఊరికే "చూద్దాం" అనకుండా తేదీ చెప్పగలుగుతారు.

ప్రతి సోమవారం పాత వారం కొట్టేసి కొత్త వారం చేర్చండి. మూడో వారానికే ఈ పని విసుగనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే చాలామంది వదిలేస్తారు. కాగితాన్ని ఫోన్‌లో కాకుండా గల్లా వెనక గోడకు అంటిస్తే వదలడం కష్టం. గిరాకీ కంట పడకుండా మీద క్యాలెండర్ వేలాడదీస్తే చాలు.

ఎవరికి ముందు కట్టాలి

అందరికీ కొంచెం కొంచెం ఇచ్చి ఎవరికీ సరిగ్గా ఇవ్వకపోవడం మంచితనంలా కనిపిస్తుంది కానీ అది అందరినీ ఒకేసారి దూరం చేస్తుంది. వరుస ఇట్లా పెట్టుకోండి.

ముందు పనివాళ్ల జీతం. వాళ్లింట్లో పొయ్యి దాని మీదే వెలుగుతుంది, పైగా వాళ్లు పోతే ఉన్న కొంచెం గిరాకీ కూడా పోతుంది. తర్వాత కరెంటు, కిరాయి. ఆ తర్వాత జీఎస్టీ. అది మీ డబ్బు కాదు, గిరాకీ మీ చేతికి ఇచ్చి పెట్టిన డబ్బు. ఆలస్యమైతే 18 శాతం మిత్తి, వరుసగా రెండు రిటర్నులు వేయకపోతే ఈ-వే బిల్లులు, అంటే సరుకు రవాణాకు కావలసిన కాగితాలు, ఆగుతాయి. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఒకే రేటున జీఎస్టీ కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లు జులై, అక్టోబరు, జనవరి, ఏప్రిల్ నెలల 18వ తేదీని ఆ 13 వారాల కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. పన్ను కట్టే పైసలు లేకపోతే అధికారితో ఎట్లా మాట్లాడాలో మీ జీఎస్టీ చూసే ఆయనను అడగండి, అంతేగానీ ఊరుకోకండి.

బ్యాంకు కిస్తీ విషయంలో గుర్తుంచుకోవాల్సిన అంకె 90. గడువు దాటి 30 రోజులు, 60 రోజులు అయినప్పుడల్లా బ్యాంకు లోపల మీ ఖాతా మీద గుర్తు మారుతూ ఉంటుంది. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. కిస్తీ తగ్గించి గడువు పొడిగించమని అడగడానికి ఆ 90 రోజుల లోపే సమయం. మేనేజర్‌కు 13 వారాల కాగితం జిరాక్స్, ఒక పేజీ అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నోటి మాట బదిలీ అయిపోయే మేనేజర్‌తో పాటే వెళ్లిపోతుంది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించే వాళ్లలాంటి తయారీ యూనిట్లకు ఇంకో దారి ఉంది. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్రం చేసే రిజిస్ట్రేషన్) ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సరుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు, ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు. దుకాణదారులకు ఉద్యమ్ నమోదు బ్యాంకు అప్పు వరకే పనికొస్తుంది, ఈ 45 రోజుల రక్షణ వాళ్లకు రాదు. ఈ తేడా తెలియక చాలామంది తిరిగి తిరిగి అలసిపోతున్నారు.

మాట నిలబెట్టుకోవడం

విశ్వాసం అనే మాటకు బజార్లో ఉన్న అర్థం ఇదే. బాకీ ఉన్నవాణ్ని బజారు ఓర్చుకుంటుంది, ఫోన్ ఎత్తనివాణ్ని ఓర్చుకోదు. చెక్కు గడువుకు కనీసం వారం ముందు మీరే వెళ్లండి, ఫోన్ కాదు. తేదీ, అంకె రెండూ మీ నోటి నుంచే రావాలి.

"అన్నా, 15 తారీఖు చెక్కు వెయ్యకు, పాసు కాదు. 40 వేలల్ల 12 వేలు సోమవారం నేనే తెచ్చిస్త. మిగిలిన 28 వేలు నాలుగు వారాలు, వారానికి ఏడు వేలు. కొత్త సరుకు నగదుకే తీస్కుంట."

చివరి వాక్యమే డీలర్‌ను ఒప్పిస్తుంది. చెక్కు తిరిగివస్తే సంగతి వేరే అవుతుంది: బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో అవతలివాళ్లు నోటీసు ఇవ్వవచ్చు, నోటీసు అందిన 15 రోజుల్లో మీరు చెల్లించాలి. ఆ 15 రోజులు దాటితే కేసు.

చెప్పిన తేదీకి ఏడు వేలు కాక ఐదే ఉంటే, ఐదూ పట్టుకుని వెళ్లండి. రెండు వేలు తగ్గిందని ఇంట్లో కూర్చోవడమే తప్పు.

రాత్రి మూడు వరుసలు

ఇప్పుడు కృతజ్ఞత. పది రూపాయల నోటుబుక్కు ఒకటి, గల్లాలోనే ఉంచండి. షట్టర్ దించే ముందు, దీపం పెట్టే అలవాటుంటే అది పెట్టాక, ఐదు నిమిషాలు. తేదీ వేసి మూడు వరుసలు:

ఒకటి, ఇయ్యాల అందింది. మనిషి పేరు, చేసిన పని. "దేవుని దయ" అని రాస్తే అది నాలుగో రోజుకే చేతి అలవాటు అయిపోతుంది. "పక్క దుకాణం మల్లన్న ఐదు వందల చిల్లర ఇచ్చి గిరాకీని నిలబెట్టిండు", "ఎండల బస్తా మోసిన హమాలీ కూలి రేపు తీస్కుంట అన్నడు" ఇట్లా రాయండి. దేవునికి దండం ఆ పేరు మీదుగానే పెట్టుకోవచ్చు.

రెండు, ఇయ్యాల నిలబెట్టుకున్న మాట. ఎంత చిన్నదైనా సరే.

మూడు, రేపు ఎవరికి థాంక్స్ చెప్పాలి లేదా ఎవరితో నిజం చెప్పాలి.

అమ్మకం అంకెను మొదటి వరుసలో రాయకండి. ఇది ముఖ్యం. గల్లా నిండినందుకు కృతజ్ఞత రాసే అలవాటైతే, బోణీ కాని రోజు ఆ వరుస ఖాళీగా ఉంటుంది, నాలుగు ఖాళీ వరుసల తర్వాత నోటుబుక్కే మూలకు పోతుంది. అంకెలకు గోడమీది కాగితం ఉంది. ఈ పుస్తకం మనుషులకు.

పక్షం తిరిగేసరికి అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వారంలో ఒక పేరు ఒక్కసారే అని నియమం పెట్టుకోండి. నిజంగా ఏమీ తోచని రోజు తేదీ వేసి ఖాళీ వదలండి, లేనిది రాయకండి. తండ్రి రాస్తుంటే కొడుకు చదవకూడదు, కొడుకు రాస్తుంటే తండ్రి తనిఖీ చేయకూడదు. తనిఖీ మొదలైతే అది హాజరు పట్టీ అవుతుంది.

దేవుని మీద కోపం వస్తే? అదీ రాయండి. కంచర్ల గోపన్న (భక్త రామదాసు) గోల్కొండ చెరలో కూర్చుని రాముణ్ని నిలదీసి పాడాడు. మూడున్నర శతాబ్దాలుగా ఆ పాటలను భజనల్లోనే పాడుకుంటున్నాం.

మొక్కులు, దశమ భాగం, జకాత్

గోపన్న చెరకు పోయింది సర్కారు పైసలతో గుడి కట్టినందుకు. ఇందులో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది: దేవునికి ఇచ్చేది ఇంటి వాటాలోంచి ఇవ్వాలి, డీలర్ సరుకు పైసల్లోంచి కాదు.

బాకీల జాబితా రాసిన పుస్తకంలోనే మొక్కుల జాబితా కూడా రాయండి. ఏ దేవుడు, ఏం మొక్కాం, ఎప్పుడు, రూపాయల్లో ఎంత. మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, మొక్కుకున్నారనుకోండి. 60 కిలోల మనిషికి బెల్లం కిలో 50 రూపాయలు వేసుకుంటే 3,000. ఇది భారం కాదు. భారమయ్యేది బండి కిరాయి, యాటలు, ఇరవై ఐదు మంది చుట్టాలు. మొక్కు వేరే, దావత్ వేరే. జాతర రెండేండ్లకోసారి కాబట్టి ఆలోపు నెలకు 150 చొప్పున డబ్బాలో వేస్తే బెల్లం పైసలు జమవుతాయి. దావత్‌ను మంచి రోజులకు వాయిదా వేయండి. అయినవోలు మల్లన్న పట్నాలకూ, బోనాలకూ ఇదే లెక్క. ఇబ్బందిలో ఉన్నప్పుడు "ఈ అప్పు తీరితే" అని కొత్తగా పెద్ద మొక్కు మొక్కడం ఇంకో ప్రామిసరీ నోటు రాయడమే.

చర్చికి దశమ భాగం ఇచ్చే ఇండ్లలో తరచుగా జరిగే పొరపాటు అమ్మకం మీద పదో వంతు తీయడం. అమ్మకం ఆదాయం కాదు. పై ఉదాహరణలో ఇంటికి తీసుకున్నది 20,000, దాని మీద 2,000. అదీ కష్టమైన నెలలో పాస్టర్‌గారితో దాచకుండా మాట్లాడండి. ముస్లిం వ్యాపారులకు జకాత్ చాంద్రమాన ఏడాది తిరిగాక నిసాబ్ (జకాత్ పడే కనీస హద్దు) దాటిన సొమ్ము, సరుకు మీద నలభయ్యో వంతు. అప్పుల్లో ఎంత మినహాయించుకోవచ్చో తెలిసిన ఆలింను (మత పండితుణ్ని) అడగాలి. ఇంకో సంగతి చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు: జకాత్ తీసుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన చెయ్యి ఒక ఏడాది తీసుకోవడంలో తప్పు లేదు.

పైసలు లేని నెల సేవ ఇవ్వవచ్చు. భద్రకాళి గుడిలోనో, కాజీపేట దర్గాలోనో, మీ చర్చిలోనో అన్నం వడ్డించడానికి ఒక పూట వెళితే ఇచ్చే అలవాటు తెగిపోదు.

ఇంట్లో ఎట్లా చెప్పాలి, బంగారం ఎప్పుడు ముట్టాలి

దుకాణం పెట్టిన తండ్రికి చెప్పడం అన్నిటికంటే కష్టం. ఎవరి తప్పు అనే మాట మొదట తెస్తే ఆ రాత్రి అక్కడే ముగుస్తుంది. "బాపూ, నెలకు 31 వేలు తక్కువ పడుతున్నయి. ఎవరి వల్ల అన్నది తర్వాత చూస్కుందాం. నువ్వు ఈ కాగితం చూసి ఏం తగ్గియ్యాల్నో చెప్పు." అంకె ముందు, సలహా అడగడం తర్వాత. అడిగితే పెద్దవాళ్లకు 1990లలో ఎట్లా గట్టెక్కారో గుర్తొస్తుంది, అందులో పనికొచ్చేది ఒకటైనా ఉంటుంది.

పదేండ్లు దాటిన పిల్లలకు "ఈ ఏడాది ఖర్చు చూసుకుని చేద్దాం, ఫీజు గురించి నువ్వు రంది పడకు" అన్నది చాలు. బడికి మాత్రం జూన్‌లోనే వాయిదాల కోసం అర్జీ ఇవ్వాలి.

ఇక భార్య బంగారం. అది ఆమె సొమ్ము. అడగాలి, ఒప్పుకుంటే ఆమె పేరు మీదే బాకీల పుస్తకంలో రాయాలి, మిగతా అప్పుల్లాగే. రెండు రూపాయల మిత్తికి ఉన్న మూడు లక్షలను ఏడాదికి 10 శాతం బ్యాంకు గోల్డ్‌లోన్‌తో తీర్చేస్తే నెల మిత్తి 6,000 నుంచి 2,500కు దిగుతుంది. ఈ పనికి బంగారం పెట్టవచ్చు. నెలనెలా తక్కువ పడే 31 వేలు పూడ్చడానికి మాత్రం పెట్టకండి. పది నెలల్లో బంగారమూ ఉండదు, గుంత అట్లానే ఉంటుంది.

దసరా ఇనాం గురించి ఒక మాట. ఇవ్వలేకపోతే పండుగ ముందురోజు చెప్పకండి, నెల ముందు చెప్పండి. సగమైనా ఇవ్వండి, అప్పు తెచ్చి ఇవ్వకండి.

ఉద్దెర రాబట్టడం

మీకు బాకీ ఉన్నవాళ్లూ ఇదే ఎండలో ఉన్నారు. అయినా అడగాలి. పుస్తకంలో 6 నెలలు దాటినవి వేరే కాగితం మీద రాసి, పెద్ద అంకెతో కాక, దగ్గరి మనిషితో మొదలుపెట్టండి. నలుగురి ముందు, పెండ్లిలో అడగకండి. "అక్కా, మీ ఖాతల 4,200 ఉన్నయి. ఒక్కసారి కాకున్నా నెలకు వెయ్యి ఇస్తే లెక్క తెగుతది" అంటే సగం మంది ఎంతో కొంత ఇస్తారు. రైతుల దగ్గరికి పత్తి అమ్ముకున్న వారంలో వెళ్లండి, విత్తనాలు కొనే జూన్‌లో కాదు. మూడేండ్లు దాటితే కోర్టులో ఆ బాకీ నిలవడం కష్టం. ఆ లోపే ఖాతా కింద తేదీతో సంతకం తీసుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది.

నిద్ర పట్టనప్పుడు

తెల్లవారుజామున మూడింటికి లేచి అంకెలు కూడటం మామూలే. రెండు వారాలకు పైగా తిండి సయించకపోయినా, ఇన్సూరెన్స్ కాగితాలు తీసి చూస్తున్నా, "నేను లేకపోతే వీళ్లు నయం" అన్న మాట నోట వచ్చినా అది భక్తి లోపం కాదు, వైద్యం కావలసిన సంగతి. 14416 టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాట విన్నవాళ్లు మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందులు ఇంట్లో, దుకాణంలో అందుబాటులో లేకుండా చూడాలి.

ఇక మూసెయ్యాలంటే

రెండు 13 వారాల కాగితాలు పూర్తయ్యాక కూడా ప్రతి నెలా గుంత అట్లానే ఉంటే, అమ్మకం లెక్కకు దగ్గరగా కూడా రాకపోతే, పోచమ్మ కన్నెర్ర చేసిందనో ప్రార్థన చాలలేదనో అనుకోనక్కర్లేదు. ఆ వీధి గిరాకీ మాల్‌కో, ఫోన్‌కో పోయింది. సరుకు ఉండగా మూస్తే బాకీలు తీరతాయి, అరలు ఖాళీ అయ్యాక మూస్తే తీరవు.

సీజన్‌లో మూయండి, ఆషాఢంలో కాదు. పనివాళ్లకు నెల ముందు చెప్పి, జీతాలు, బాకీలు మొదట తేల్చండి. డీలర్లు తీసుకుంటే కట్ట విప్పని సరుకు వాపసు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇచ్చిన చెక్కులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని నంబరు మీద గీత కొట్టండి. జీఎస్టీ రద్దుకు అర్జీ పెట్టండి, రద్దు ఆర్డరు వచ్చాక మూడు నెలల్లో చివరి రిటర్ను వేయాలి. ట్రేడ్ లైసెన్సు, కరెంటు మీటరు, కిరాయి అడ్వాన్సు ఆ తర్వాత.

ఖాతా పుస్తకాలు ఏడేండ్లు అటకమీద ఉంచండి. జీఎస్టీ వాళ్లు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల లోపు ఎప్పుడైనా అడగవచ్చు. పది రూపాయల నోటుబుక్కులో మూడో వరుసలో ఇంకా గీత పడని పేర్లుంటే, షట్టర్ తాళం ఓనర్‌కు ఇచ్చే ముందు ఆ దుకాణాలన్నీ ఒకసారి తిరిగి రండి.